అవ్వ ఇడిసింది

మా అమ్మ తన మనవరాలిని ఎలా కింద పడేసిందో ఎవరడిగినా చెబుతుంది. అడగకపోయినా చెబుతుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్ల ఏడుస్తుంటే ఎత్తుకుందట. ముందు గదిలో మగ్గం పక్కన నిలబడి ఊపుతుంటే తడి మీద కాలు జారిందట. పిల్ల చేతుల్లోంచి జారి మగ్గం గుంటలో పడిందట. పడేటప్పుడు తన కళ్ళలోకే చూసిందట. ఆ చూపు దగ్గరికి వచ్చేసరికి వినే ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటారు.

ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. ఆ సమయంలో అమ్మ వెనక గదిలో వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు రెండూ మూసుకుని ఉంది. ఆ కళ్ళలో మందు చుక్కలు వేసింది నేను.

నేను వనపర్తిలో జాకెట్లు కుట్టుకుని బతుకుతాను. యాభై ఎప్పుడో దాటాయి. పుట్టినిల్లు గద్వాల, మగ్గం ఇల్లు. నాన్న పోయాక మగ్గం తమ్ముడి చేతికి వచ్చింది, అమ్మ కూడా తమ్ముడి చేతికే వచ్చింది. తమ్ముడి భార్యది కోడేరు. నా నోరు మంచిది కాదని కోడేరు వాళ్ళు అంటారు. ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అన్నారా అని కూడా అంటారట. అననివ్వండి. అర్ధమొగుణ్ణయినా అయ్యాను, నా తమ్ముడు నిండు మొగుడై ఉండి ఏం పీకాడో ముందు చెబుతాను.

అమ్మకు కంటి ఆపరేషన్ అయి వారం కూడా కాలేదు. కొడుకూ కోడలూ మగ్గం పనిలో పడితే చుక్కలు వేళకు పడవని నేను దుకాణం మూసి వచ్చి కూర్చున్నాను. బరువులు ఎత్తొద్దు, వంగొద్దు అని డాక్టర్ చెప్పాడు. అంటే పిల్లను ఎత్తుకోవద్దనేగా అని అమ్మ దిగాలు పడింది. మూడేళ్ళ ఆ పిల్ల తప్ప అమ్మకు వేరే లోకం లేదు. పుట్టినప్పటి నుంచి ఆమె పక్కలోనే పడుకునేది. అమ్మ చెవి తమ్మెను వేళ్ళతో నలుపుతూ ఉంటే తప్ప దానికి నిద్ర పట్టదు. నలిపించుకోకపోతే అమ్మకూ పట్టదు.

ఆ మధ్యాహ్నం తమ్ముడు నేసిన చీరలు షావుకారుకు ఇవ్వడానికి పోయాడు. మగ్గం ఖాళీగా ఉంది. మరదలు పిల్లతో ముందు గదిలో ఉంది. మాది గుంట మగ్గం, నేసేవాళ్ళు గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేసి చెక్కలు తొక్కుతారు. నేను వెనక గదిలో అమ్మకు చుక్కలు వేసి, "కండ్లు తెరువకు, జరసేపు గట్లనే ఉండు" అన్నాను. అమ్మ గట్టిగా మూసుకుంది. అప్పుడు ముందు గదిలో దభీమని చప్పుడు, వెంటనే పిల్ల ఏడుపు. నేను ఉరికాను. పిల్ల గుంటలో తొక్కుడు చెక్కల మధ్య పడి ఉంది. మరదలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అంచున నిలబడిపోయింది. నేనే దిగి పిల్లను తీశాను. ఎడమ మోచెయ్యి ఎటు తిరగకూడదో అటు తిరిగి ఉంది. వెనక గదిలోంచి అమ్మ "ఏమైంది బిడ్డా, ఏమైంది" అంటూనే ఉంది. నేను లోపలికి పోయి చూస్తే అప్పటికీ కళ్ళు తెరవలేదు, నేను వద్దన్నాను కాబట్టి.

తమ్ముడు కబురు అంది సూటిగా దవాఖానకే వచ్చాడు. కట్టు కడుతుండగా పిల్ల దగ్గర వంగి, "ఎవరు పడేసిండ్రురా బంగారూ" అని అడిగాడు. పిల్ల వెక్కుతూ, "అవ్వ ఇడిసింది" అంది.

ఇక్కడ ఆగి ఒక మాట విప్పి చెప్పాలి. మా గద్వాల ఇంట్లో అవ్వ అంటే నానమ్మ. కోడేరులో మా మరదలి ఇంట్లో అవ్వ అంటే తల్లి. మరదలు రోజంతా తన తల్లితో ఫోన్లో "అవ్వా, అవ్వా" అని మాట్లాడేది. పిల్ల ఆ ఒళ్ళో కూర్చునే మాటలు నేర్చింది, నేర్చి తల్లిని అవ్వ అంది. నానమ్మను మేమందరం అవ్వ అని చూపిస్తే ఆమెనూ అవ్వే అంది. మా తమ్ముడికి ఇది మొరటుగా తోచింది. ఇంగ్లీషు బడికి పోవలసిన పిల్ల తల్లిని అవ్వ అనడమేమిటని మమ్మీ అనడం నేర్పించాడు. అందుకని తండ్రి ముందు మమ్మీ, తండ్రి వెనక అవ్వ. చెయ్యి విరిగి ఏడుస్తున్న పిల్లకు తండ్రి ముందేది, వెనకేది ఎక్కడ గుర్తుంటుంది. ఆ మాట ఎవరి గురించో ఆ గదిలో మరదలికి తెలిసింది, నాకు తెలిసింది. నేను ఆమె ముఖం వైపు చూశాను. ఆమె పిల్ల కట్టు వైపు చూస్తూ ఉంది.

"అమ్మ కాదురా, అమ్మకు నేను చుక్కలేస్తున్న అప్పుడు" అన్నాను.

"నువ్వెప్పుడూ అమ్మ దిక్కే గదక్కా. మూడేండ్ల పిల్ల అబద్ధమాడ్తదా" అన్నాడు తమ్ముడు.

పిల్ల తల్లిని కూడా అవ్వ అంటుందని చెబితే, అది ఎప్పుడో మానిపించానన్నాడు. పిల్ల అబద్ధమాడలేదు. వినేవాడు గాడిద.

నేను వనపర్తికి వచ్చేశాను. పెళ్ళిళ్ళ జాకెట్లు ఒప్పుకుని ఉన్నాను, ఇంకా ఆలస్యం చేస్తే పెళ్ళికూతుళ్ళు నా దుకాణం తలుపు విరగ్గొట్టేవాళ్ళు. అమ్మతో రోజూ ఫోన్లో మాట్లాడేదాన్ని. జరగనిది మనిషి తలలోకి ఎలా దిగుతుందో ఆ ఫోన్లో మెట్టు మెట్టుకూ విన్నాను. మొదట, "నేను ఎత్తుకోలే బిడ్డా. వీడు ఎందుకెత్తుకున్నవని ఒక్కటే అడుగుడు" అంది. కొన్నాళ్ళకు, "ఎత్తుకున్ననో లేదో, నాకు సరిగ్గ యాదికొస్తలేదు" అంది. ఇంకొన్నాళ్ళకు, "ఎత్తుకునే ఉంట. పిల్ల ఏడుస్తుంటే నేను ఊకుంటనా" అంది. ఆ తర్వాత ఒకరోజు ఏ తడబాటూ లేకుండా, "ఎత్తుకున్న. జారింది" అంది.

తమ్ముడు తిట్టలేదు, కొట్టలేదు. పిల్ల మోచేతికి నూనె రాసేటప్పుడల్లా, "డాక్టర్ వద్దన్నంక ఎందుకెత్తుకున్నవమ్మా" అనేవాడు, అంతే. మరదలు ఇంకా మంచిది. ఆమె క్షమించేది. పొద్దున్నే చాయ్ గ్లాసు చేతికిస్తూ క్షమించేది, నల్లా దగ్గర వాడకట్టు ఆడవాళ్ళందరూ వింటుండగా క్షమించేది. "పోనీయ్ అత్తమ్మా, పెద్దపానం, మర్చిపోతరు. మేమేమన్న అంటున్నమా." చెయ్యని తప్పును అలా పూటపూటా క్షమిస్తుంటే డెబ్బై ఏళ్ళ ముసలిది ఎన్నాళ్ళని కాదంటుంది. వాడకట్టు వాళ్ళు కూడా తలా ఒక చెయ్యి వేశారు. వయసు మీద పడ్డాక పిల్లల జోలికి పోవద్దని చెప్పిపోయేవాళ్ళు, పోతూ పోతూ మా అమ్మ చేసిన ఉగ్గాని తినిపోయేవాళ్ళు.

పిల్లను అమ్మ పక్కలోకి పంపడం మానేశారు. ముందు కట్టు ఉన్నన్నాళ్ళూ అన్నారు. కట్టు విప్పాక చెయ్యి పూర్తిగా చాపరాలేదు, మోచేతి దగ్గర వంకర ఉండిపోయింది. ఇంక ఆ వంకరే సాక్ష్యం. అమ్మ మంచం వరండాలోకి తెచ్చారు. గాలి బాగా వస్తదని తమ్ముడు అన్నాడు. పిల్ల లోపల తలుపేసుకున్న గదిలో అవ్వ కావాలని ఏడిస్తే వరండాలో ఈమె ఏడ్చేది. "ఒక్కపారి నా పక్కల పండుకుంటే ఏం పోతది బిడ్డా, నేను ఎత్తుకోను గద, పండుకునుడే గద" అని నాతో అనేది. నాతో అంటే ఏం లాభం. నేను తమ్ముడికి ఫోన్ చేస్తే, "నీకు పిల్లలు లేరక్కా, నీకు తెల్వదు" అన్నాడు. ఆ మాటను నేను మింగాను, కానీ అది ఇప్పటికీ దిగలేదు.

ఏడాది, రెండేళ్ళు అలా పోయాయి. పిల్ల ఏడవడం మానేసింది. మానేయడమే కాదు, నేర్చుకుంది. బడిలో వేరే పిల్లలు వంకరచెయ్యి ఏందని అడిగితే చెప్పడానికి ఒక కథ కావాలి కదా. "మా అవ్వ నన్ను ఇట్ల పట్టుకున్నది, ఇట్ల ఇడిసింది" అని రెండు చేతులతో చేసి చూపించేది. అవ్వ ఆకుపచ్చ చీర కట్టుకుందట. అవ్వ నోట్లో తమలపాకు వాసన వచ్చిందట. మూడేళ్ళప్పుడు తను ఏ బువ్వ తిన్నదో తెలియని పిల్ల అవ్వ చీర రంగు చెబుతుంటే తమ్ముడు నా వైపు చూసి తల ఎగరేసేవాడు.

నేను ఊరుకునే రకం కాదు. పోయిన ప్రతిసారీ అమ్మను కూర్చోబెట్టి చెప్పేదాన్ని. నువ్వు పడుకుని ఉన్నావు, నీ కళ్ళు మూసి ఉన్నాయి, చుక్కలు వేసింది నేను. ఒకసారి సాయంత్రం బాగా విన్నది. "ఔ బిడ్డా, చుక్కలు సల్లగ తగిలినయ్, దిండు మీద తడైంది" అంది. నా గుండె మీది బండ దిగింది. పొద్దున లేచేసరికి, "చుక్కలేసినంకనే లేచి పిల్లనెత్తుకున్న. కండ్లు మసకగ ఉండె, గందుకే జారింది" అంది. నేను ఇచ్చిన నిజాన్ని కూడా తీసుకుపోయి ఆ అబద్ధానికే అతికింది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. మా ఇంట్లో నిలకడ మీద తేలింది అబద్ధమే, అది కూడా చుక్కల మందుతో సహా.

ఈ ఎండాకాలం గద్వాల పోయినప్పుడు నాకు విసుగు పుట్టి ఒక పని చేశాను. మంచి పని అని చెప్పను, చెడ్డదని కూడా ఒప్పుకోను. ఆదివారం పొద్దున అందరం వరండాలో తింటున్నాం. "అమ్మా, బీచుపల్లి గుడికి పోయినప్పుడు కోతి నీ కండ్లద్దాలు గుంజుకపోయె, యాదికున్నదా" అన్నాను. అలాంటిది ఎప్పుడూ జరగలేదు. అందరం కలిసి బీచుపల్లి పోయిందే లేదు.

"ఎప్పుడే" అంది అమ్మ. "నాకు తెల్వదు" అన్నాడు తమ్ముడు. పిల్లకు ఎనిమిదేళ్ళిప్పుడు, అది తినడం ఆపి నా నోరు చూస్తోంది.

"మెట్ల మీద కూసుంటివి, కొబ్బరిచిప్ప చేతుల ఉండె" అన్నాను. అంతకంటే ఏమీ అనలేదు. మధ్యాహ్నం మళ్ళీ ఒకసారి, "పాపం, ఆ కోతికి బెదిరి ఎంత పరేషానైతివో" అన్నాను. పిల్లతో, "నువ్వు గూడ ఉంటివి గద" అన్నాను.

సాయంత్రం పక్కింటామె వచ్చి కూర్చుంటే అమ్మ తనంతట తనే మొదలుపెట్టింది. కోతి తోక ముఖానికి తగిలిందట, గరుకుగా ఉందట. తోక సంగతి నేను చెప్పలేదు. పిల్ల అందుకుని, "అత్త కట్టె దీస్కొని దాన్ని కొట్టింది, అది నా దిక్కు పండ్లు జూపెట్టింది" అంది. కట్టె సంగతి కూడా నేను చెప్పలేదు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ, నవ్వుకుంటూ చెబుతున్నారు. ఆ పిల్ల, ఆ ముసలిది అలా కలిసి నవ్వడం నేను చూసి చాలా ఏళ్ళయింది. పాలపళ్ళు ఊడే నోరూ, అన్నీ ఊడిన నోరూ పెట్టింది పెట్టినట్టు మింగుతాయి. మధ్యలో పళ్ళున్నవాళ్ళం మేము, కొరికి చూస్తాం, అవసరమైతే కరుస్తాం.

నేను తమ్ముడిని అడిగాను. "నీకు యాదికొచ్చిందా కోతి?"

"జరగనిది ఎట్ల యాదికొస్తది."

"గదే నేను అయిదేండ్ల సంది అడుగుతున్న."

వాడు మరీ అంత గాడిద కాదు. అమ్మ వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. తర్వాత లోపలికి పోయాడు, వెనకే నేను పోయాను. మరదలు చాటలో పల్లీలు ఏరుతోంది. "దవాఖానల పిల్ల అవ్వ అన్నది ఎవర్ని" అని అడిగాడు.

మరదలు చాట పక్కన పెట్టలేదు. "నన్నే" అంది.

"పిల్ల సంకల ఉండె. లైటెయ్యనీకి గుంట అంచుమీదికెల్లి వంగిన. చీర కాళ్ళకు అడ్డం పడ్డది. నేను నిలదొక్కుకున్న, పిల్ల పడ్డది." నా వైపు చూడకుండా, "ఆ దినం చెప్తే నన్ను ఇంట్ల ఉంచుతుంటివా. కోడల్ని ఎల్లగొడ్తరు, తల్లినైతే ఏ కొడుకు ఎల్లగొట్టడు గద అనుకున్న" అంది.

లెక్క తప్పేమీ లేదు. తల్లిని వరండా దాకానే పంపాడు.

నేను అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటూ వచ్చాను కాబట్టి ఇదీ చెబుతాను. ఈ అయిదేళ్ళూ నా దుకాణానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ, మా మరదలు ఫోన్లో తల్లితో ముచ్చట్లు పెడుతూ పిల్లను జారవిడిచిందని చెప్పాను. చెవికి ఆనించిన ఎర్ర ఫోను నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. అక్కడే ఆ ఫోను సంగతి అడిగితే, "ఫోన్ ఆ దినం రిపేరుకు ఇచ్చుంటిమి వదినె" అంది ఆమె. నేను చూసినప్పుడు ఆమె చేతులు రెండూ నోటి మీద ఉన్నాయి, ఫోను ఎక్కడుంటుంది. నాకు పళ్ళున్నాయని చెప్పుకున్నానుగా, అవి కూడా కదులుతున్నట్టున్నాయి. అయినా ఆమె చేసింది చేసిందే, నా ఫోను ముక్కతో అది తగ్గదు.

తమ్ముడు ఆమెను చెయ్యి పట్టుకుని వరండాలోకి తెచ్చాడు. పక్కింటామె వెళ్ళిపోయింది, పిల్ల వాకిట్లో ఆడుతోంది, అమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంది. మరదలు ఆ కాళ్ళు పట్టుకుంది. ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. "అత్తమ్మా, నువ్వు ఇడ్వలే. నేను ఇడిసిన. ఇన్నొద్దులు నీ మీద పెట్టిన" అంది.

అమ్మ ముందు బిత్తరపోయి చూసింది. తర్వాత వంగి కోడలి తల నిమిరింది. "నా కొడుకు నిన్నేమన్న అన్నడా బిడ్డా. నేను జేసిందాన్ని నువ్వెందుకు మీదేసుకుంటవ్. నీ అసుంటి కోడలు ఎవ్వరికి దొరుకుతది" అంది. నా వైపు తిరిగి, "సూడవే. ఇసుంటి పిల్లను నువ్వు తిట్టుకుంట తిరుగుతవ్" అంది. నా నోరు మూయించినవాళ్ళు చాలా తక్కువ.

"అమ్మా, నీ కండ్లు మూసున్నయే" అన్నాడు తమ్ముడు. "మూసుంటే పిల్ల నన్ను జూసింది నాకెట్ల కనవడ్తది నాయనా" అంది అమ్మ.

ఇంక మాటలతో కాదనుకున్నాడేమో, వాకిట్లోకి పోయి పిల్లను తీసుకొచ్చాడు. "అవ్వ నిన్ను ఎన్నడూ పడెయ్యలేదు. ఇయ్యాల్టి సంది అవ్వ కాడనే పండుకో" అన్నాడు.

"పడేసింది. నాకు యాదికున్నది" అంది పిల్ల.

"ఔ నాయనా, అది చెప్పేది నిజమే" అంది అమ్మ.

తమ్ముడు వినలేదు. పిల్లను ఎత్తి మంచం మీద అమ్మ పక్కన కూర్చోబెట్టాడు. పిల్ల మంచం కోడును పట్టుకుని బిగుసుకుపోయి, తండ్రిని చూస్తూ ఏడుపు మొదలుపెట్టింది. అమ్మ ఇటు చివరికి జరిగింది. ఇంక జరగడానికి చోటు లేక లేచి నిలబడింది. చేతులు రెండూ చంకల్లో దోపుకుని గోడకు ఆనుకుంది. మంచం ఎత్తు మోకాలి వరకు కూడా లేదు. "తీస్కపో, తీస్కపో, పడ్తది" అంటూనే ఉంది. చివరికి మరదలే వచ్చి పిల్లను సంకన వేసుకుని లోపలికి పోయింది. పిల్ల తల్లి మెడ చుట్టూ వంకరచెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది.

తలుపు పడిన చప్పుడు విన్నాక గానీ అమ్మ చేతులు బయటికి తీయలేదు. నేను పక్కన కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాను. తాగి, గ్లాసు నాకిచ్చి, నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"వాడు నా మాట ఇంటలేడు. నువ్వు పెద్దదానివి, నీ మాట ఇంటడు. నేను బతికున్నన్నొద్దులు ఆ పిల్లను నా కాడికి రానియ్యొద్దని జెప్పు" అంది.

చెబుతానన్నాను.